నలభై డిగ్రీల గది

ఎవరెట్‌లో వాన వెలిసిందని ఎవరైనా అంటే
వాళ్ళు ఆ ఊరు చూడలేదన్నమాట.
కిటికీ బయట స్నోహోమిష్ ఏరు, కాగితం మిల్లు వాసన,
రేవు నుంచి దారి తప్పిన సముద్రకాకులు.
కిటికీ లోపల నా గది:
నలభై డిగ్రీల వేడి,
నూటికి డెబ్బై అయిదు పాళ్ళ తేమ.
తలుపు తీస్తే బందరు మే నెల
ముఖాన ఆవిరి కొడుతుంది.

ఆ ఉక్కలో ఆరు నెలలు కూర్చోవాలి
చిట్లకుండా, రంగు తిరక్కుండా
ఓ లేత పచ్చ మాత్ర.
అప్పటికి దానికి పేరు లేదు, నంబరే: కె-417.
నెలకోసారి నాలుగు తీసి, నూరి, కరిగించి
ఇంకా నువ్వు నువ్వేనా అని అడగడం
నా ఉద్యోగం.

సీసా మీద రెండు కంపెనీల పేర్లు.
మాంచెస్టర్ వాళ్ళది పైన, లావుపాటి అక్షరాల్లో.
మాది కింద.
అరవై మందిమి, అద్దె భవనం, ఒకే ఒక్క కాఫీ యంత్రం.
అణువు వాళ్ళది, గుండె కోసం కట్టుకున్నది.
గుండెకి పెద్దగా పనికిరాలేదు.
ఇంకో చోట పనికొస్తుందని చూసింది మావాళ్ళు.
చెరి సగం అనుకున్నారు.

ఒప్పందం నూట పన్నెండు పేజీలు.
విడిపోతే ఎవరి గిన్నెలు ఎవరివో
తాళి కట్టకముందే రాసుకున్న పెళ్ళి.
మొత్తం చదివింది మా లాయరు డ్వైట్ ఒకిమోటో ఒక్కడే.
తొంభయ్యో పేజీలో ఒక కామా
అతన్ని మూడు రాత్రులు నిద్రపోనివ్వలేదట.

మీటింగుల్లో ఎవరూ ఆ మాట అనేవారు కాదు,
"ప్రైమరీ ఎండ్‌పాయింట్" అనేవారు.
ఆ పేజీ వచ్చినప్పుడల్లా
మాంచెస్టర్ నుంచొచ్చిన పెటిఫర్ కళ్ళజోడు తుడుచుకునేవాడు.
నేను మాత్రం ఏం తక్కువ తిన్నాను?
ఫోన్లో మా ఆడపడుచు "ఏం మందు వదినా?" అంటే
"రక్తనాళాలది" అన్నాను.
అబద్ధం కాదు.
మనకి మాత్రం ఏం పేరుంది దానికి,
"ఆ విషయం" తప్ప.

ఒక మంగళవారం ఫ్యాక్స్ వచ్చింది.
ప్రాధాన్యాలు మారాయట.
పెటిఫర్ అందరికీ చేయి కలిపి, నా దగ్గర ఆగి,
"దీనికి మార్కెట్ లేదంటున్నారు పైవాళ్ళు.
యాభై దాటిన మగాడు డాక్టరు ముందు నోరు విప్పడట"
అన్నాడు.
అతనికి యాభై మూడు.
ఆ లెక్క నాకు చాలా రోజుల తర్వాత తట్టింది.

ఆ రాత్రి నేనూ మార్లిస్ ఎంగ్‌స్ట్రమూ
సీసాల మీద పాత లేబుళ్ళు గీకాం.
కాగితం వచ్చింది, జిగురు రాలేదు.
మాత్రలు ఉక్కలో అలాగే కూర్చున్నాయి.
యజమాని ఎవరో వాటికెందుకు.

పద్నాలుగు నెలలు ఒంటరిగా ఈదాం.
కాఫీ యంత్రం చెడిపోతే బాగుచేయించలేదు.
అప్పుడొచ్చారు సెయింట్ లూయిస్ వాళ్ళు,
బూడిదరంగు సూట్లలో, నిదానంగా.
నా గది చూస్తామన్నారు.
వాళ్ళ పెద్దాయన లోపలికి రాగానే
కళ్ళద్దాలు ఆవిరి పట్టి ఏమీ కనిపించక,
"బ్రహ్మాండం" అన్నాడు.
మళ్ళీ చెరి సగం. మళ్ళీ ఒకిమోటో, మళ్ళీ కామాలు.

స్పోకేన్ నుంచి వాడగా మిగిలిన సీసాలు
లెక్కకి నా దగ్గరికే వచ్చేవి.
ఒకదాంట్లో ఒక మాత్ర తక్కువ.
మూతకి చుట్టిన చిన్న కాగితం, ఆడమనిషి చేతిరాత:
"ఇది ఆయన చొక్కా జేబులో ఉండిపోయి
వాషింగ్ మెషీన్‌లో కరిగిపోయింది. క్షమించాలి.
ఆ రాత్రి అవసరం పడలేదు."
ఫారంలో మూడే గళ్ళు: వాడినవి, తిరిగొచ్చినవి, పోయినవి.
చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నాను.
"పోయినవి"లో ఒకటి వేశాను.
కాగితం మాత్రం ఫైల్లో పెట్టలేదు.

అనుమతి వచ్చింది. ప్లాస్టిక్ గ్లాసుల్లో షాంపేన్.
ఏడాది తిరక్కుండా ఒక సగం ఇంకో సగాన్ని కొనేసింది.
భవనం ఖాళీ చేయమన్నారు.
యంత్రాలు వేలం వేశారు,
నా గదిని పుట్టగొడుగులు పెంచే ఒకాయన పాడుకున్నాడు.

స్విచ్ నేనే ఆపాను.
నలభై. ముప్పై అయిదు. ఇరవై తొమ్మిది.
తలుపు బార్లా తీసి
లేబుల్ జిగురు ఇంకా వదలని గోళ్ళతో
ఖాళీ అరలు తుడుస్తూ ఉన్నాను.
సాయంత్రానికి
గది కూడా ఎవరెట్ అయిపోయింది.